గోరు పెరిగే తీరు – గోరు చెప్పే కబురు



ఆషాఢ మాసంలో గోరింటాకు పెట్టుకోవడం మన తెలుగు ఇళ్లలో తరతరాల అలవాటు. పెళ్లి ఇంట్లోనైతే ఏ మతం వారైనా ఆడవాళ్ల చేతులు ఎర్రగా పండాల్సిందే. అలా పండిన చేతిని కొన్నాళ్లు గమనించండి. అరచేతిలోని ఎరుపు రెండు వారాలు తిరిగేసరికి వెలిసిపోతుంది. గోటి మీది ఎరుపు మాత్రం అలాగే ఉండి, మెల్లగా కొస వైపు జరుగుతుంది. నెల గడిచేసరికి గోటి మొదట్లో రంగు లేని కొత్త గోరు నెలవంక లాగా కనిపిస్తుంది. ఆషాఢంలో పెట్టుకున్న ఎరుపు వినాయక చవితి నాటికి సగం గోటికి చేరుతుంది. దీపావళి నాటికి కొసన ఒక ఎర్రని అంచుగా మిగులుతుంది. ఆ తరువాత నెయిల్ కట్టర్‌తో పాటే పోతుంది.

చర్మం మీద వెలిసిపోయిన రంగు గోటి మీద ఎందుకు నిలిచింది? నిలిచినది ముందుకు ఎందుకు జరిగింది? దీనికి జవాబు తెలిస్తే గోరు గురించి తెలియవలసిన ముఖ్యమైన సంగతి తెలిసినట్లే. గోటికి ప్రాణం ఉన్నది మనకు కనిపించే చోట కాదు, చర్మం కింద దాగి ఉన్న వేరులో. మనం చూసే గోరు ఆ వేరు కొన్ని వారాల, నెలల కిందట తయారు చేసి పంపినది. కాబట్టి గోరు గడిచిన నెలల ఆరోగ్యాన్ని మనకు చెబుతుంది. గోటికి వచ్చిన జబ్బు కూడా నెలలు పట్టి గాని పోదు.

ఈ సంగతి తెలియక మా ఓపీకి వచ్చేవారిలో కొందరు మందులు మధ్యలో మానేస్తున్నారు. మరి కొందరు గోటిని బ్లేడుతో తామే కోసుకొని పెద్ద పుండుతో వస్తున్నారు. వారి కోసం, వారి ఇంటివారి కోసం ఈ వ్యాసం రాస్తున్నాము.

గోటిలోని భాగాలు

గోటి పలక: మనకు కనిపించే గట్టి భాగం ఇది. చేతి గోటి పలక మందం సుమారు అర మిల్లీమీటరు. కాలి బొటనవేలి పలక అంతకంటె మందంగా ఉంటుంది. కెరటిన్ అనే మాంసకృత్తుతో నిండి, ప్రాణం పోయిన కణాలు పొరలు పొరలుగా అతుక్కొని ఈ పలక ఏర్పడుతుంది. మన జుట్టు, ఆవు గిట్టలు, పక్షి ఈకలు కూడా ఈ జాతి పదార్థంతోనే తయారవుతాయి. పలకలో నరాలు, రక్తనాళాలు లేవు. కనుక కత్తిరిస్తే నొప్పి ఉండదు, రక్తం రాదు.

గోటి వేరు: పలక మొదటి భాగం చర్మం కిందికి కొన్ని మిల్లీమీటర్లు వెళ్తుంది. అక్కడ ఉన్నదే గోటి వేరు. గోరు తయారయ్యే కార్ఖానా ఇదే. ఇక్కడి కణాలు ఎడతెగకుండా రెండుగా విడిపోతూ ఉంటాయి. కొత్తవి పుట్టి పాతవాటిని ముందుకు నెడతాయి. ముందుకు వెళ్లే కొద్దీ ఆ కణాలు చదునై, గట్టిపడి, ప్రాణం కోల్పోయి పలకలో కలిసిపోతాయి.

తెల్లని నెలవంక: బొటనవేలి గోటి మొదట్లో తెల్లగా కనిపించే భాగం గోటి వేరు ముందు అంచే. కొందరికి ఇది కొన్ని వేళ్లకు కనిపించదు. అంతమాత్రాన జబ్బు అనుకోనక్కర లేదు.

గోటి పాన్పు: పలక కింద పరచుకొని ఉండే మెత్తని చర్మం. ఇందులో రక్తనాళాలు ఎక్కువ. పలక పారదర్శకంగా ఉండటం వల్ల కింది రక్తం రంగు పైకి గులాబీగా కనిపిస్తుంది. వైద్యులు రోగి గోళ్లు చూసేది ఇందుకే. ఒంట్లోని రక్తాన్ని బయటి నుంచి చూడగల చిన్న కిటికీ ఇది.

గోటి పై పొర: గోటి మొదట్లో చర్మం నుంచి పలక మీదికి పాకి ఉండే సన్నని పొర. చూడటానికి అక్కర లేని తోలు లాగా ఉంటుంది గాని, చాలా ముఖ్యమైనది. కిటికీ అద్దం చుట్టూ పెట్టిన లప్పం వాన నీటిని ఆపినట్లు, ఈ పొర నీటిని, క్రిములను గోటి వేరు దగ్గరికి పోకుండా ఆపుతుంది. బ్యూటీ పార్లర్లలో అందం కోసం దీన్ని వెనక్కి నెట్టడం, కత్తిరించడం మంచిది కాదు.

ఇప్పుడు గోరింటాకు సంగతి. గోరింటాకులోని రంగు కెరటిన్‌ను గట్టిగా పట్టుకుంటుంది. చర్మం పై పొర రోజూ రాలిపోతుంది కనుక దానితో పాటే రంగు పోతుంది. గోటి కణాలు అలా రాలవు, వరుసగా ముందుకు జరుగుతాయి. కాబట్టి రంగు కూడా వాటితో ప్రయాణం చేస్తుంది.

ప్రాణం లేని పదార్థమే అయినా గోటి ముక్కలో మనిషి గుర్తు మిగిలే ఉంటుంది. గోటి ముక్క నుంచి డీఎన్‌ఏ తీసి అది ఎవరిదో తేల్చవచ్చు. అలాంటి డీఎన్‌ఏ పరీక్షలకు పేరుపొందిన జాతీయ సంస్థ డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్, డయాగ్నోస్టిక్స్ కేంద్రం మన ప్రాంతంలోనే ఉంది. 1996లో ఏర్పడిన ఆ సంస్థ తొలి రోజుల్లో నాచారంలో పనిచేసి, తరువాత నాంపల్లికి మారి, ఇప్పుడు ఉప్పల్‌లో ఉంది.

గోరు ఎంత వేగంగా పెరుగుతుంది?

తల్లి కడుపులో పదో వారం ప్రాంతంలోనే బిడ్డకు గోళ్లు ఏర్పడటం మొదలవుతుంది. సుమారు 32వ వారానికి చేతి గోళ్లు వేలి కొసకు చేరుతాయి. కాలి గోళ్లు ఇంకో నాలుగు వారాలు తీసుకుంటాయి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ గోళ్లు వేలి కొస దాకా రాకపోవడం, నెలలు దాటి పుట్టిన బిడ్డ గోళ్లు పొడుగ్గా ఉండటం ప్రసూతి వార్డులో నర్సమ్మలకు తెలిసిన విషయమే. 139వ కీర్తనలో దావీదు తల్లి గర్భంలో తాను నిర్మింపబడిన తీరును తలచుకొని దేవుని స్తుతించాడు. ఆ నిర్మాణంలో ఈ చిన్న గోళ్లు కూడా ఉన్నాయి.

పెద్దవారిలో చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అంటే రోజుకు ఒక మిల్లీమీటరులో పదో వంతు. ఈ లెక్కన చేతి గోరు ఊడిపోతే పూర్తిగా తిరిగి రావడానికి నాలుగు నుంచి ఆరు నెలలు కావాలి. కాలి గోరు అందులో సుమారు సగం వేగంతోనే పెరుగుతుంది. కాలి బొటనవేలి గోరు పూర్తిగా రావడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. ఈ రెండు లెక్కలు గుర్తుంచుకోండి. ముందు ముందు అవసరం పడతాయి.

అన్ని వేళ్లకూ ఒకే వేగం ఉండదు. నడిమి వేలి గోరు త్వరగా, చిటికెన వేలి గోరు నెమ్మదిగా పెరుగుతుంది. వేసవిలో వేగం కొంచెం ఎక్కువ. గర్భిణులకు కూడా ఎక్కువే. వయసు మీద పడే కొద్దీ తగ్గుతుంది. అమెరికా వైద్యుడు విలియం బీన్ తన బొటనవేలి గోటి మీద గీత గీసుకొని, అది కొసకు చేరే రోజులు లెక్కపెడుతూ 35 ఏళ్లు గడిపారు. ఆయనకు 32 ఏళ్ల వయసులో రోజుకు 0.123 మిల్లీమీటరు పెరిగిన గోరు, 67 ఏళ్లకు 0.095 మిల్లీమీటరు మాత్రమే పెరిగింది. ఈ ఫలితాలను 1980లో ప్రచురించారు. మన ఆడపడుచులు గోరింటాకుతో చూసేదాన్నే ఆయన కొలబద్దతో చూశారన్న మాట.

కత్తిరించకుండా వదిలేస్తే గోరు పెరుగుతూనే ఉంటుంది. పుణెకు చెందిన శ్రీధర్ చిల్లాల్ 1952 నుంచి ఎడమ చేతి గోళ్లు కత్తిరించలేదు. 2018 జూలైలో న్యూయార్క్‌లో వాటిని తీయించుకునేనాటికి ఐదు గోళ్ల మొత్తం పొడవు 909.6 సెంటీమీటర్లు. కానీ ఆ చెయ్యి మామూలు పనులకు పనికి రాకుండా పోయింది.

గోటి మీది గీతలు ఏం చెబుతాయి?

పెద్ద జ్వరం వచ్చినప్పుడు శరీరం తన శక్తిని గుండె, మెదడు వంటి ముఖ్యమైన అవయవాలకు మళ్లిస్తుంది. గోటి వేరు పని కొన్నాళ్లు మందగిస్తుంది, లేదా ఆగుతుంది. జ్వరం తగ్గాక పని మళ్లీ మొదలవుతుంది. ఆ ఆగిన కాలం గోటి మీద అడ్డంగా ఒక పల్లపు గీతగా మిగిలిపోతుంది. 1846లో ఫ్రాన్స్ వైద్యుడు జోసెఫ్ బో దీన్ని వివరించారు. ఇప్పటికీ వీటిని బో గీతలు అనే పిలుస్తారు.

టైఫాయిడ్, న్యుమోనియా, డెంగీ వంటి పెద్ద జబ్బుల తరువాత, పెద్ద ఆపరేషన్ల తరువాత, క్యాన్సర్ మందులు ఎక్కించుకున్న తరువాత ఇలాంటి గీతలు కనిపించవచ్చు. 2020, 2021 సంవత్సరాలలో కోవిడ్ నుంచి కోలుకున్న వారిలోనూ కనిపించాయి. గీత గోటి మొదటి నుంచి ఎంత దూరంలో ఉందో కొలిచి, నెలకు 3 మిల్లీమీటర్ల చొప్పున లెక్క వేస్తే జబ్బు ఎప్పుడు వచ్చిందో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. 6 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే రెండు నెలలు దాటిందన్న మాట. పది గోళ్లకూ ఒకే చోట గీత ఉంటే ఒంటికి వచ్చిన జబ్బు, ఒక్క గోటికే ఉంటే ఆ వేలికి తగిలిన దెబ్బ అని అనుకోవచ్చు. జబ్బు తగ్గిపోయి ఉంటే ఈ గీతకు మందు అక్కర లేదు. గోటితో పాటు ముందుకు జరిగి పోతుంది.

వయసు మీద పడిన వారిలో నిలువుగా వచ్చే సన్నని గీతలు చాలా వరకు జుట్టు నెరవడం లాంటివే. భయపడవద్దు.

రంగు, ఆకారం మారితే

పాలిపోయిన గోళ్లు, చెంచా లాంటి గోళ్లు: రక్తం తక్కువైతే గోటి పాన్పు గులాబీ రంగు తగ్గి తెల్లబడుతుంది. ఇనుము లోపం చాలాకాలం సాగితే గోరు పలచబడి, మధ్యలో గుంట పడి, అంచులు పైకి లేస్తాయి. ఒక నీటి బొట్టు వేస్తే నిలిచేటంతగా గుంట పడుతుంది. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. అంటే సంఘంలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరు స్త్రీలలో ఒకరికైనా ఉండవచ్చు. గోరు గుంట పడే వరకు ఆగకుండా హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోవాలి. తోటకూర, మునగాకు, రాగులు, శనగలు, మాంసాహారులైతే మేక కాలేయం తినాలి. భోజనంలో నిమ్మరసం, ఉసిరి ఉంటే ఇనుము బాగా వంటబడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే అది తగ్గిపోతుంది. రెండు మూడేళ్ల లోపు పసిపిల్లల కాలి గోళ్లు కొంచెం వంగి పలచగా ఉండటం మాత్రం మామూలే.

ఉబ్బిన వేలి కొసలు: వేలి కొస ఉబ్బి, గోరు చిలుక ముక్కులా కిందికి వంగితే ఊపిరితిత్తుల్లోనో గుండెలోనో పాత జబ్బు ఉండవచ్చు. ఇంట్లోనే ఒక పరీక్ష చేయవచ్చు. రెండు చేతుల చూపుడు వేళ్ల గోళ్లను ఎదురెదురుగా ఆనించి వెలుగులోకి చూడండి. గోళ్ల మొదళ్ల మధ్య చిన్న వజ్రం ఆకారంలో సందు కనిపించాలి. ఆ సందు మూసుకుపోతే వైద్యుణ్ణి కలవండి. దక్షిణాఫ్రికా గుండె వైద్యుడు లియో షామ్‌రోత్ తన గుండె జబ్బు సమయంలో తన వేళ్లలోనే ఈ మార్పు చూసి, 1976లో దీన్ని లోకానికి తెలిపారు.

తెల్లబడిన గోళ్లు: గోరు దాదాపు అంతా తెల్లబడి కొసన మాత్రమే ఎర్రని పట్టీ మిగిలితే కాలేయాన్ని పరీక్షించాలి. మొదటి సగం తెల్లగా, చివరి సగం గోధుమ రంగులో ఉంటే కిడ్నీ పరీక్ష అవసరం. గోటి మీద అక్కడక్కడ కనిపించే తెల్లని చుక్కలు మాత్రం చాలా వరకు చిన్న చిన్న దెబ్బల గుర్తులే.

నీలం గోళ్లు: గోళ్లు, పెదవులు నీలంగా మారి ఆయాసం ఉంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రావాలి. రక్తంలో ఆక్సిజన్ తగ్గిందనడానికి అది గుర్తు.

నల్లని నిలువు గీత: మన వంటి ఛాయ గల వారికి గోళ్ల మీద సన్నని గోధుమ రంగు గీతలు రావడం సహజమే. అయితే పెద్ద వయసులో ఒక్క వేలికే కొత్తగా గీత వచ్చి, వెడల్పవుతూ, నలుపు గోటి పక్కన చర్మానికి కూడా పాకితే అది గోటి కింద పుట్టే చర్మ క్యాన్సర్ కావచ్చు. ప్రపంచ ప్రసిద్ధ గాయకుడు బాబ్ మార్లీకి 1977లో కాలి బొటనవేలి గోటి కింద ఇదే క్యాన్సర్ బయటపడింది. 1981లో 36 ఏళ్లకే ఆయన మరణించారు. ఇది అరుదైన జబ్బు. త్వరగా చూపించుకుంటే ప్రాణం దక్కుతుంది.

నీళ్లలో నానే చేతులు, బూట్లలో మగ్గే కాళ్లు

మా దగ్గరికి వచ్చే వారిలో ఎక్కువ మంది ఉప్పల్, నాచారం ప్రాంతాల పని చేసుకునే కుటుంబాల వారు. ఇళ్లలో బోళ్లు తోమే అక్కలు, బట్టలు ఉతికే అమ్మలు, హోటళ్లలో, క్యాంటీన్లలో పనిచేసేవారు రోజంతా తడి చేతులతోనే ఉంటారు. నీరు, సబ్బు కలిసి గోటి పై పొరను తినేస్తాయి. లప్పం ఊడిన కిటికీ లాగా గోటి మొదట్లో సందు ఏర్పడుతుంది. అందులో క్రిములు చేరి వాపు, చీము, సలుపు వస్తాయి. ఇదే గోరుచుట్టు. గోరుచుట్టుపై రోకటిపోటు అన్న సామెత ఊరికే పుట్టలేదు. దాని నొప్పి పడినవారికే తెలుస్తుంది.

కొత్తగా వచ్చిన గోరుచుట్టుకు రోజుకు మూడు నాలుగు సార్లు గోరువెచ్చని నీటిలో వేలు ముంచితే ఉపశమనం ఉంటుంది. చీము పడితే పిన్నీసుతో పొడవకండి, వైద్యుని చేతనే తీయించుకోండి. మళ్లీ మళ్లీ వచ్చే గోరుచుట్టుకు అసలు మందు చేతులు పొడిగా ఉంచడమే. లోపల పలచని నూలు గ్లోవ్స్, పైన రబ్బరు గ్లోవ్స్ వేసుకొని పని చేయండి. పని అయ్యాక చేతులు తుడుచుకొని కొబ్బరి నూనె గాని వాజిలిన్ గాని రాయండి. పై పొర తిరిగి రావడానికి వారాలు పడుతుంది. పని ఇచ్చే ఇంటివారు ఒక జత గ్లోవ్స్ కొనిస్తే అది కూడా సేవే.

నాచారం, ఉప్పల్ పారిశ్రామికవాడల్లో పనిచేసే అన్నలకు కాళ్ల బాధ ఎక్కువ. ఎనిమిది, పన్నెండు గంటలు సేఫ్టీ బూట్లలో కాళ్లు చెమటతో నానుతాయి. వానాకాలంలో లోతట్టు బస్తీల వారు మురుగు నీటిలో నడవవలసి వస్తుంది. 2020 అక్టోబరు వరదల్లో ఉప్పల్, రామంతాపూర్ కాలనీల వారు పడిన పాట్లు మనకు తెలుసు. ఇలాంటి తడిలో గోటికి ఫంగస్ పడుతుంది. గోరు పసుపు పచ్చగా మారి, మందమై, కింద పొడి చేరి, అంచు విరుగుతుంది. దీన్నే పుప్పిగోరు అంటారు.

చూడటానికి పుప్పిగోరులా ఉన్న ప్రతిదీ ఫంగస్ కాదు. సోరియాసిస్ వల్ల, దెబ్బల వల్ల కూడా గోరు అలా మారుతుంది. గోటి ముక్క తీసి సూక్ష్మదర్శినిలో పరీక్షించాకే మందు మొదలుపెట్టాలి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ కలిసిన క్రీములు ఫంగస్‌ను ఇంకా పెంచుతాయి.

ఫంగస్‌కు సాధారణంగా ఇచ్చే టెర్బినాఫిన్ మాత్రలు చేతి గోటికి ఆరు వారాలు, కాలి గోటికి పన్నెండు వారాలు వాడాలి. ముందుగా కాలేయ పరీక్ష చేయిస్తారు. చాలామంది నెల రోజులు మింగి, గోరు అలాగే ఉందే, మందు పని చేయడం లేదు అని మానేస్తారు. ముందు చెప్పిన లెక్క ఇక్కడ గుర్తు చేసుకోండి. పాడైన గోరు తిరిగి బాగుపడదు. వేరు నుంచి మంచి గోరు పుట్టి, పాతదాన్ని ముందుకు నెట్టాలి. పన్నెండు వారాల మందు ముగిసేనాటికి కాలి బొటనవేలి మొదట్లో నాలుగైదు మిల్లీమీటర్ల మంచి గోరు కనిపిస్తే మందు పని చేసినట్లే. మిగతా గోరు బాగుపడటానికి ఏడాది పట్టినా కంగారు పడవద్దు. ఇ.ఎస్.ఐ. కార్డు ఉన్న కార్మికులు నాచారం ఇ.ఎస్.ఐ. ఆసుపత్రిలో కూడా చూపించుకోవచ్చు. ఎక్కడ చూపించుకున్నా మందు మధ్యలో ఆపకండి.

షుగర్ ఉన్నవారి కాలి గోళ్లు

ఈ వ్యాసంలో అన్నిటికంటె ముఖ్యమైన భాగం ఇదే. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి సర్వే లెక్కల ప్రకారం మన దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ వ్యాధి ఉంది. చాలా ఏళ్లుగా షుగర్ ఉన్నవారికి పాదాల్లో నరాలు దెబ్బతిని స్పర్శ తగ్గుతుంది. రక్తప్రసారం కూడా తగ్గుతుంది. గోరు మూలలు గుండ్రంగా, లోతుగా కత్తిరిస్తే గోరు పెరుగుతూ పక్క కండలోకి గుచ్చుకుంటుంది. స్పర్శ ఉన్నవారు నొప్పికి ఆ రోజే వస్తారు. స్పర్శ లేనివారికి తెలియదు. ఆ గాయంలో చీము పట్టి, ఎముకకు పాకి, వేలు తీసివేయవలసిన పరిస్థితి రావచ్చు.

గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు అంటారు మన పెద్దలు. షుగర్ ఉన్నవారి విషయంలో ఈ మాట అక్షరాలా నిజం. సరిగ్గా కత్తిరించిన గోటితో పోయేది, అశ్రద్ధ చేస్తే ఆపరేషన్ దాకా వస్తుంది. షుగర్ ఉన్నవారు గోళ్లను బ్లేడుతో కోసుకోకూడదు. కాయలు కాసిన చోట యాసిడ్ మందులు పూయకూడదు. వట్టి కాళ్లతో నడవకూడదు. ప్రతి రాత్రి పడుకునే ముందు పాదాలు, వేళ్ల సందులు చూసుకోవాలి. చూపు ఆననివారికి ఇంట్లో మనవడో మనవరాలో చూసి చెప్పాలి.

వేలు నలిగితే

బస్సు తలుపులో, ఇంటి తలుపు సందులో పిల్లల వేళ్లు నలుగుతుంటాయి. మిషన్ల దగ్గర పెద్దల వేళ్లు నలుగుతుంటాయి. గోటి కింద రక్తం గడ్డకట్టి నల్లబడి, విపరీతంగా సలుపుతుంటే అదే రోజు రండి. గోటికి చిన్న రంధ్రం చేసి రక్తం వదిలిస్తే నొప్పి వెంటనే తగ్గుతుంది. గోరు ఊడిపోతే దాన్ని పారేయకుండా శుభ్రమైన తడి గుడ్డలో చుట్టి తీసుకురండి. కింద వేరు, పాన్పు చీలి ఉంటే కుట్టి, ఆ గోటినే పైన కప్పుగా ఉంచవచ్చు. వేరు సరిగ్గా అతికితే కొత్త గోరు సరిగ్గా వస్తుంది. వేరు వంకరగా మానితే జీవితమంతా గోరు వంకరగానే పెరుగుతుంది.

మీరు అడిగే సందేహాలు

కాల్షియం తక్కువైతే గోళ్లు విరుగుతాయా? గోటి గట్టితనం కాల్షియం వల్ల రాదు. కెరటిన్ పోగుల మధ్య ఉండే గంధకపు బంధాల వల్ల వస్తుంది. తరచుగా తడిసి ఆరడం, నెయిల్ పాలిష్ తీసే ద్రవాలు, ఇనుము లోపం, థైరాయిడ్ జబ్బులు గోళ్లు విరగడానికి మామూలు కారణాలు.

చనిపోయాక కూడా గోళ్లు పెరుగుతాయంటారు, నిజమా? కాదు. చుట్టూ ఉన్న చర్మం ఎండి వెనక్కి ముడుచుకోవడం వల్ల గోరు పెరిగినట్లు కనిపిస్తుంది.

రాత్రి గోళ్లు కత్తిరించకూడదా? దీపం వెలుగులో వేలు తెగే కాలంలో పెద్దలు ఆ మాట చెప్పి ఉంటారు. మంచి వెలుగు ఉంటే ఎప్పుడైనా కత్తిరించవచ్చు.

ఆపరేషన్‌కు ముందు నెయిల్ పాలిష్ ఎందుకు తీయమంటారు? గోటి రంగు చూడటానికి, వేలికి తగిలించే ఆక్సిజన్ కొలిచే పరికరం సరిగ్గా చూపడానికి.

నల్ల మెహందీ మంచిదేనా? చెట్టు నుంచి కోసి రుబ్బిన గోరింటాకు ఎర్రగానే పండుతుంది. త్వరగా నల్లగా పండటానికి జుట్టు రంగులో వాడే రసాయనం కలిపినవి చర్మానికి బొబ్బలు తెప్పించవచ్చు.

పాటించవలసినవి

1. స్నానం తరువాత గోళ్లు మెత్తగా ఉన్నప్పుడు కత్తిరించండి. కాలి గోళ్లు అడ్డంగా, నిటారుగా కత్తిరించండి. మూలలు తవ్వకండి.

2. ఒకరి నెయిల్ కట్టర్ మరొకరు వాడకండి. షుగర్, ఫంగస్ ఉన్నవారిది వేరుగా ఉంచండి.

3. గోళ్లు కొరకడం మాన్పించండి. గోటి కింద మట్టిలో నులిపురుగుల గుడ్లు ఉంటాయి. ఏటా బడుల్లో, అంగన్‌వాడీల్లో ఇచ్చే నులిపురుగుల మాత్ర పిల్లల చేత తప్పక మింగించండి.

4. గోరుముద్దలు తినిపించే తల్లులు, అమ్మమ్మలు గోళ్లు పొట్టిగా ఉంచుకొని, సబ్బుతో చేతులు కడుక్కోండి.

5. తడిసిన బూట్లు, సాక్సులు ఆరిన తరువాతే తిరిగి వేసుకోండి. వీలైతే రెండు జతలు మార్చి మార్చి వాడండి.

6. గోటి రంగు గాని ఆకారం గాని మారి నెల దాటితే వైద్యునికి చూపించండి. వచ్చే రోజు నెయిల్ పాలిష్ తీసివేసి రండి.

ఒక మనవి

దానియేలు గ్రంథం 4వ అధ్యాయంలో నెబుకద్నెజరు రాజు మనుషులకు దూరమైన కాలంలో అతని గోళ్లు పక్షి గోళ్లలా పెరిగిన సంగతి మీరు చదివే ఉంటారు. వంగలేని, చూపు ఆనని, ఒంటరిగా ఉండే వృద్ధుల కాలి గోళ్లు కూడా ఏళ్ల తరబడి కత్తిరించేవారు లేక మందమై, పొట్టేలు కొమ్ములా వంకర తిరుగుతాయి. చెప్పులు పట్టవు. నడవలేరు. నడవలేక గుడికి, ఆసుపత్రికి రావడం మానుకుంటారు. పిల్లలకు చెప్పుకోవడానికి సిగ్గుపడతారు.

యోహాను సువార్త 13వ అధ్యాయంలో ప్రభువు శిష్యుల పాదాలు కడిగిన దృశ్యం మనకు కొత్త కాదు. ఈ వారం మీ ఇంటి పెద్దవారి కాళ్లు ఒకసారి చూడండి. గోరువెచ్చని నీటిలో పది నిమిషాలు ఉంచి, తుడిచి, మంచి వెలుగులో గోళ్లు కత్తిరించండి. గోరు మరీ మందమై కట్టర్‌కు లొంగకపోయినా, షుగర్ ఉన్నా, ఎర్రబడి ఉన్నా మీరు ప్రయత్నించకుండా మా ఓపీకి తీసుకురండి. పక్క వీధిలో ఎవరూ లేని పెద్దవారు ఉంటే వారిని కూడా వెంటబెట్టుకొని రండి.